రూల్ మారింది... అంపైర్‌కి ఎవరు చెప్పారు?

అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక గల్లీలో, పైన హాస్టల్, కింద టిఫిన్ సెంటర్ ఉన్న బిల్డింగ్‌లో మన రికార్డింగ్ రూమ్. బయట హారన్ల సౌండ్ వస్తే అడ్జస్ట్ అవ్వండి.

ఈరోజు ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మ్యాచ్‌లో అంపైర్ తప్పు డిసిషన్ ఇచ్చాడు అనుకోండి. మనం ఏం చేస్తాం? తిడతాం. రీల్ కట్ చేసి, కింద రెండు నవ్వు ఎమోజీలు పెట్టి స్టేటస్‌లో వేస్తాం. ఓకే. కానీ ఆ రూల్ మారింది మొన్న, ఆ మ్యాచ్ జరుగుతున్నది ఈరోజు అయితే? ఆ రెండు రోజుల్లో అంపైర్ ఏం చేశాడు, ఎలా నేర్చుకున్నాడు అని మనం ఎప్పుడైనా ఆలోచించామా?

ఈ ఎపిసోడ్ దాని గురించే. రూల్స్ లేటుగా బయటకొస్తే గ్రౌండ్‌లో నిలబడే మనిషి పరిస్థితి ఏంటి? ఆ లేటుకి నష్టపోయేది ఎవరు?

ముందు మన ఉప్పల్ నుంచే మొదలుపెడదాం. 2025 ఐపీఎల్. సీజన్ మొదలైంది మార్చి 22న, శనివారం. మార్చి 20న, అంటే గురువారం, ముంబైలో కెప్టెన్ల మీటింగ్ జరిగింది. ఆ మీటింగ్ అయ్యాక బయటకొచ్చిన మార్పులు చూడండి. బంతికి ఉమ్ము రాయడం మీద కరోనా టైమ్ నుంచి ఉన్న నిషేధం ఎత్తేశారు. రాత్రి మ్యాచ్‌ల్లో మంచు పడుతుంది కాబట్టి రెండో ఇన్నింగ్స్‌లో 10వ ఓవర్ దాటాక బంతి మార్చుకునే వీలు ఇచ్చారు. నడుము పైకి వచ్చే నోబాల్స్‌కి, ఆఫ్ సైడ్ వైడ్స్‌కి కూడా డీఆర్ఎస్‌లో బాల్ ట్రాకింగ్ తెచ్చారు. స్లో ఓవర్ రేట్‌కి కెప్టెన్‌ని బ్యాన్ చేసే పద్ధతి తీసేసి డీమెరిట్ పాయింట్లు పెట్టారు.

రెండు రోజులు. అంతే టైమ్.

మార్చి 23న ఆదివారం మన హైదరాబాద్‌లో సన్‌రైజర్స్, రాజస్థాన్ రాయల్స్ మ్యాచ్. మనవాళ్లు 6 వికెట్లకి 286 కొట్టారు, ఇషాన్ కిషన్ సెంచరీ. మనకి గుర్తున్నది ఆ సిక్సులే. కానీ ఒక విషయం గమనించండి. అది మధ్యాహ్నం మ్యాచ్. రెండో బంతి రూల్ రాత్రి మ్యాచ్‌లకి మాత్రమే. అంటే ఆరోజు ఉప్పల్‌లో ఉన్న అంపైర్లకి కొత్త రూల్ ఏంటో తెలిస్తే సరిపోదు. అది ఈరోజు వర్తించదు అని కూడా తెలియాలి. రూల్ చదవడం ఒక పని. అది ఎక్కడ ఆగిపోతుందో గుర్తుపెట్టుకోవడం ఇంకో పని. ఎండలో, అంత రౌండ్ల అరుపుల మధ్య, 40 ఓవర్లు నిలబడి ఆ రెండూ చెయ్యాలి.

ఉమ్ము సంగతి ఇంకా తమాషా. మన సిరాజ్ లాంటి ఫాస్ట్ బౌలర్లు ఆ నిషేధం పోయినందుకు సంతోషించారు. కానీ అది పోయింది ఐపీఎల్‌లో మాత్రమే. ఇంటర్నేషనల్ మ్యాచ్‌ల్లో నిషేధం అలాగే ఉంది. అదే బౌలర్ మేలో ఐపీఎల్ ఆడి జూన్‌లో ఇంగ్లండ్‌లో టెస్ట్ ఆడితే, మొన్నటిదాకా ఓకే అయిన పని అక్కడ తప్పు. చెయ్యి అలవాటు కొద్దీ నోటి దగ్గరికి పోతుంది కదా. దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరు? మళ్లీ అంపైరే.

నేను ఈ వీడియోలు మొదలుపెట్టక ముందు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశానని మీకు తెలుసు. మా ఫీల్డ్‌లో ఒక మాట అందరికీ తెలిసిందే: శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి కొత్త కోడ్ పెట్టకూడదు. ఎందుకంటే ఏదన్నా తేడా కొడితే శని, ఆదివారాలు ఫోన్ మోగేది కోడ్ రాసినవాడికి కాదు, డ్యూటీలో ఉన్నవాడికి. అందుకే రిలీజ్ నోట్స్ అని ఒకటి రాస్తాం. ఏం మారింది, ఎప్పటినుంచి మారింది, ఎవరి మీద ప్రభావం, ఏదన్నా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి. అంపైరింగ్‌లో డ్యూటీలో ఉన్నవాడు అంపైర్. కోడ్ రాసినవాళ్లు బోర్డు రూమ్‌లో ఉంటారు. బగ్ కనపడేది మాత్రం 30 వేల మంది ముందు.

ఇప్పుడు వైజాగ్ వెళ్దాం. 2025 ఆగస్టు 29, జాతీయ క్రీడా దినోత్సవం. ప్రో కబడ్డీ 12వ సీజన్ అక్కడే మొదలైంది. మొదటి మ్యాచ్ మన తెలుగు టైటాన్స్, తమిళ్ తలైవాస్. మనవాళ్లు ఓడిపోయారు, దాన్ని వదిలేద్దాం. అసలు కథ అదే రాత్రి రెండో మ్యాచ్‌లో ఉంది.

ఆ సీజన్‌కి ఫార్మాట్ చాలా మార్చారు. అంతకుముందు లీగ్ మ్యాచ్‌లో గెలిస్తే 5 పాయింట్లు, టై అయితే చెరి 3, కొద్ది తేడాతో ఓడితే 1. కొత్త పద్ధతిలో గెలిస్తే 2, ఓడితే సున్నా. టై అనేది లేనే లేదు. స్కోరు సమానమైతే టై బ్రేకర్: రెండు టీమ్‌లూ చెరి 5 రైడ్లు చెయ్యాలి. అప్పటికీ తేలకపోతే గోల్డెన్ రైడ్. ఈ మార్పుల్ని ప్రకటించింది ఎప్పుడనుకుంటున్నారు? సీజన్ మొదలయ్యే ఆగస్టు నెలలోనే.

సరే, టై బ్రేకర్ వస్తే ఎప్పుడో వస్తుంది, ఈలోగా రెఫరీలు అలవాటు పడతారు అనుకోవచ్చు. కానీ వచ్చింది మొదటి రాత్రే! పుణేరి పల్టన్, బెంగళూరు బుల్స్ స్కోరు సమానమైంది. లీగ్ దశలో మొట్టమొదటి టై బ్రేకర్ అది. పుణేరి గెలిచింది.

కబడ్డీ రెఫరీ సీట్లో మీరు కూర్చుని ఆలోచించండి. మామూలు మ్యాచ్‌లో మీ బుర్రలో ఒక లెక్క నడుస్తూ ఉంటుంది. ఎవరు ఔట్, ఎవరు రివైవ్ అయ్యారు, లోపల ఎంతమంది, బోనస్ ఉందా లేదా. 40 నిమిషాలు అదే లెక్క. టై బ్రేకర్ మొదలవగానే ఆ లెక్కని పక్కన పెట్టేయాలి. వరుసగా ఎవరు రైడ్ చెయ్యాలి, ఏ లైన్ దేనికి పనిచేస్తుంది అన్నది వేరే లెక్క. డిసిషన్‌కి ఉండేది కొన్ని సెకన్లు. ఆ రాత్రి ఏ గొడవా లేకుండా అయిపోయింది కాబట్టి మనకి అది వార్త కాలేదు. అంపైర్ల పని ఎప్పుడూ అంతే. సరిగ్గా చేస్తే ఎవరికీ కనపడదు.

ఇక్కడ ఒక డౌట్ రావచ్చు. "బ్రో, వాళ్లు ప్రొఫెషనల్స్, టీవీ అంపైర్ ఉంటాడు, రీప్లే ఉంటుంది, మ్యాచ్‌కి ముందు మీటింగ్ ఉంటుంది. వాళ్లకేం కష్టం?" కరెక్టే. పైస్థాయిలో తట్టుకునే ఏర్పాటు ఉంటుంది. కానీ ఏర్పాటు ఉన్నా సీజన్ మధ్యలో రూల్ మారిస్తే ఏమవుతుందో చూడండి.

2025 మేలో సరిహద్దు టెన్షన్ వల్ల ఐపీఎల్ ఆగిపోయి, మే 17న మళ్లీ మొదలైంది. ఆరోజు బెంగళూరులో ఆర్‌సీబీ, కోల్‌కతా మ్యాచ్. వాన. ఒక్క బంతి కూడా పడలేదు. చెరో పాయింట్. దాంతో కోల్‌కతా ప్లేఆఫ్ రేసు నుంచి అవుట్. మూడు రోజులు తిరగ్గానే, మే 20న, మిగిలిన లీగ్ మ్యాచ్‌లకి వాన పడితే ఆగే అదనపు టైమ్‌ని 60 నిమిషాల నుంచి 120 నిమిషాలకి పెంచారు. అదే రోజే మన ఉప్పల్‌లో జరగాల్సిన రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌ల్ని కూడా ముల్లాన్‌పూర్‌కి మార్చారు, మన బాధ మనది.

కోల్‌కతా వాళ్లు అభ్యంతరం చెప్పారు. ఈ రూల్ 17వ తేదీనే ఉంటే మాకు కనీసం 5 ఓవర్ల మ్యాచ్‌కైనా ఛాన్స్ ఉండేది కదా అని. మీరు కోల్‌కతా ఫ్యాన్ కాకపోయినా ఆ మాటలో న్యాయం కనపడుతుంది. రూల్ మంచిదే. వానల సీజన్‌లో ఎక్కువసేపు ఆగడం మంచిదే. కానీ ఒకే టోర్నమెంట్‌లో, ఒకే దశలో, శనివారం ఒక రూల్, మంగళవారం ఇంకో రూల్. మే 17 రాత్రి మ్యాచ్ రద్దు చేసిన అధికారులు తప్పు చేశారా? లేదు. చేతిలో ఉన్న కాగితం ప్రకారమే చేశారు. కానీ మూడు రోజుల తర్వాత చూస్తే తొందరపడ్డట్టు కనపడుతుంది. లేటు రూల్ చేసే అన్యాయం ఇదే. నిన్న కరెక్ట్‌గా పనిచేసిన మనిషిని ఈరోజు తప్పు చేసినవాడిలా నిలబెడుతుంది.

ఇలాంటిదే చెస్‌లో ఇంకోటి. 2024 డిసెంబర్, న్యూయార్క్. మన కోనేరు హంపి వరల్డ్ ర్యాపిడ్ ఛాంపియన్ అయిన టోర్నమెంట్. 11 రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లు. అక్కడే మాగ్నస్ కార్ల్‌సన్ జీన్స్ వేసుకొచ్చాడు. డ్రెస్ కోడ్ ప్రకారం జీన్స్ కుదరదు. ఆర్బిటర్ 200 డాలర్ల ఫైన్ వేశారు. ప్యాంట్ మార్చుకుని రమ్మంటే ఆయన ఈరోజు మార్చుకోను అన్నాడు. తర్వాతి రౌండ్‌కి జోడీ వెయ్యలేదు. ఆయన టోర్నమెంట్ వదిలేశాడు. ఇది డిసెంబర్ 27. రెండు రోజులు తిరక్కుండా ఫిడే డ్రెస్ కోడ్‌లో కొంచెం సడలింపు ఇచ్చింది. కార్ల్‌సన్ బ్లిట్జ్‌కి తిరిగొచ్చాడు.

కార్ల్‌సన్ కరెక్టా, ఫిడే కరెక్టా అనే గొడవ మనకొద్దు. ఆర్బిటర్ సంగతి ఆలోచించండి. రాసి ఉన్న రూల్‌ని ప్రపంచ నంబర్ వన్ మీద కూడా అమలు చేశారు. అది వాళ్ల డ్యూటీ. రెండు రోజుల్లో అదే రూల్ మెత్తబడింది. రేపు మన ఊళ్లో స్కూల్ టోర్నమెంట్‌లో ఆర్బిటర్ ఒక రూల్ చెప్తే "పైనవాళ్లు మార్చేస్తారులే సార్" అనడానికి పిల్లలకి ధైర్యం రాదా?

ఇప్పుడు కిందిస్థాయికి వద్దాం. నాకు అసలు ఈ టాపిక్ మీద వీడియో చెయ్యాలనిపించింది ఇక్కడే. పంజాగుట్టలో ఒక ఇరానీ హోటల్‌లో ఒక అంపైర్‌ని కలిశాను. పేరు వద్దన్నారు. వారం అంతా ఉద్యోగం, ఆదివారం అంపైరింగ్. యాభై దాటిన మనిషి. నేను సార్ అంటే, ఆయన నన్ను తమ్ముడూ అన్నారు.

"తమ్ముడూ, టోర్నమెంట్ పాంప్లెట్ మీద ఒక్క లైన్ ఉంటది: ఐసీసీ రూల్స్ వర్తిస్తాయి. ఏ ఐసీసీ రూల్? టెస్టుదా, వన్డేదా, టీ20దా? ఏ సంవత్సరందా? అడిగితే ఆర్గనైజర్ నవ్వుతడు. మీకు తెల్వంది ఏముంది సార్ అంటడు."

ఆయన చెప్పిన ఒక ఉదాహరణ మీకూ పనికొస్తుంది, జాగ్రత్తగా వినండి. బౌండరీ దగ్గర క్యాచ్. ఫీల్డర్ బంతి పట్టి, బ్యాలెన్స్ తప్పి, గాల్లోకి విసిరేసి బౌండరీ బయటికి వెళ్తాడు. బయట నుంచి ఎగిరి, గాల్లో ఉండగానే బంతిని లోపలికి తోసి, మళ్లీ లోపలికొచ్చి పట్టుకుంటాడు. 2023 జనవరి 1న ఆస్ట్రేలియా బిగ్ బాష్‌లో మైఖేల్ నీసర్ ఇలాంటి క్యాచే పట్టాడు. అప్పటి చట్టం ప్రకారం అది ఔట్. ఆ వీడియో మీ అందరి ఫోన్లకీ వచ్చే ఉంటుంది.

తర్వాత రూల్ మారింది. కొత్త రూల్ ప్రకారం బౌండరీ బయటికి వెళ్లిన ఫీల్డర్ గాల్లో ఒక్కసారే బంతిని తాకొచ్చు, ఆ తర్వాత లోపలే దిగాలి. ఇప్పుడు అసలు చిక్కు వినండి. ఐసీసీ మ్యాచ్‌లకి ఇది 2025 జూన్ 17 నుంచి అమల్లోకొచ్చింది, గాలేలో శ్రీలంక, బంగ్లాదేశ్ టెస్ట్‌తో. కానీ ఎంసీసీ చట్టాల పుస్తకంలోకి వచ్చే తేదీ 2026 అక్టోబర్. అంటే మధ్యలో ఏడాదికి పైగా, అదే క్యాచ్ ఐసీసీ రూల్స్ పెట్టుకున్న మ్యాచ్‌లో సిక్స్, ఎంసీసీ పుస్తకం పెట్టుకున్న మ్యాచ్‌లో ఔట్.

ఆయన నిలబడిన ఒక ఆదివారం మ్యాచ్‌లో ఇలాంటి క్యాచే పడిందంట. బ్యాటింగ్ టీమ్ సిక్స్ అంది, ఫీల్డింగ్ టీమ్ ఔట్ అంది. రెండు టీమ్‌ల దగ్గరా ఫోన్‌లో రీల్ ఉంది. రెండు రీల్సూ నిజమే! ఒకటి పాతది, ఒకటి కొత్తది. ప్రైజ్ మనీ ఉన్న మ్యాచ్. ఆయన ఔట్ ఇచ్చారు. మ్యాచ్ అయ్యాక పార్కింగ్‌లో బండికి అడ్డం నిలబడి నలుగురు పిల్లలు, కొడుకు వయసు వాళ్లు, నానా మాటలు అన్నారు. "డబ్బులు తిన్నవా" అని కూడా అన్నారంట. టీ చల్లారిపోయేదాకా ఆయన ఆ మాట దగ్గరే ఆగిపోయారు.

మన అమీర్‌పేటకి ఈ కథ కొత్త కాదు. మైత్రీవనం దగ్గర జిరాక్స్ షాపులో మెటీరియల్ కొన్నవాళ్లకి తెలుసు. పుస్తకం పాత వెర్షన్‌ది, ఇంటర్వ్యూలో ప్రశ్న కొత్త వెర్షన్‌ది. చదివినవాడి తప్పు కాదు, చెప్పినవాడి తప్పూ కాదు. కానీ ఇంటర్వ్యూ పోయేది చదివినవాడికే. తేడా ఒక్కటే. మనకి ఇంకో ఇంటర్వ్యూ ఉంటుంది. అంపైర్ వేలు ఒకసారి లేస్తే లేచినట్టే.

మరి లేటు లేకుండా చెయ్యడం కుదరదా? కుదురుతుంది. 2022లో ఎంసీసీ చట్టాలు మార్చింది. నాన్ స్ట్రైకర్‌ని రనౌట్ చెయ్యడాన్ని అనుచిత ఆట చట్టంలోంచి తీసి రనౌట్ చట్టంలో పెట్టింది. క్యాచ్ పట్టేలోపు బ్యాటర్లు క్రాస్ అయినా కొత్త బ్యాటరే స్ట్రైక్‌లోకి రావాలంది. ప్రకటించింది మార్చిలో, అమలు అక్టోబర్ 1 నుంచి. ఆరు నెలలకి పైగా టైమ్. ఆ టైమ్‌లో క్లాసులు పెట్టొచ్చు, పరీక్ష పెట్టొచ్చు, తెలుగులో కాగితం కొట్టి పంచొచ్చు.

బ్యాడ్మింటన్‌లో రెండు రకాలూ చూశాం. సర్వీస్ చేసేటప్పుడు షటిల్ ఎత్తు ఒకప్పుడు సర్వర్ పక్కటెముక లెక్కన చూసేవాళ్లు, అంటే సర్వీస్ జడ్జి కంటి అంచనా. 2018 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ నుంచి అందరికీ ఒకే ఎత్తు, 1.15 మీటర్లు అన్నారు. సింధులాగా పొడుగ్గా ఉన్నవాళ్లకి అది ఇబ్బందే. కానీ రూల్‌తో పాటు జడ్జి చేతికి కొలిచే పరికరం కూడా ఇచ్చారు. 2023లో స్పిన్ సర్వ్ అని ఒకటి వచ్చింది. దాన్ని ఆపుతున్నామని ప్రకటించింది మే 12న, సుదిర్మన్ కప్ మొదలైంది మే 14న. మళ్లీ రెండు రోజులే! ఆపడం అవసరమే కావచ్చు. కొన్నిసార్లు తొందర తప్పదు. అలాంటప్పుడు కూడా ఆ రెండు రోజుల భారం ఎవరి మీద పడుతోందో ఒప్పుకోవాలి.

నా ఉద్దేశంలో రూల్ చేసేవాళ్లు మూడు పనులు చేస్తే చాలు. ఒకటి, టోర్నమెంట్ మొదలయ్యాక రూల్ మార్చొద్దు. ప్రాణాల మీదకొచ్చే విషయమైతే తప్ప. రెండు, ప్రతి మార్పు మీద తేదీ, ఏ మ్యాచ్‌లకి వర్తిస్తుంది, ఏ మ్యాచ్‌లకి వర్తించదు అని స్పష్టంగా రాయాలి. మూడు, అది ఇంగ్లిష్ పీడీఎఫ్‌గా వెబ్‌సైట్‌లో పెట్టగానే పని అయిపోయింది అనుకోవద్దు. ఆదివారం గ్రౌండ్‌లో నిలబడే చివరి అంపైర్‌కి అర్థమయ్యే భాషలో చేరినప్పుడే అయిపోయినట్టు. మన రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్.లక్ష్మి గారు 2019లో ఐసీసీ మ్యాచ్ రెఫరీల ప్యానెల్‌లోకి వెళ్లిన మొదటి మహిళ. పైకి అంత దూరం వెళ్లినవాళ్లు మన దగ్గర ఉన్నారు. అలాంటివాళ్లతో ఏడాదికి ఒక గంట తెలుగులో క్లాస్ పెట్టించడం పెద్ద ఖర్చేం కాదు.

ఈలోగా ఆ అంపైర్ గారు ఏం చేస్తున్నారో చెప్తా. ఒక తెల్ల కాగితం మీద ఆరు పాయింట్లు రాసుకున్నారు. ఏ సంవత్సరం రూల్స్, బౌండరీ క్యాచ్ ఎలా, వైడ్ గీత ఎక్కడ, వాన పడితే ఎంతసేపు ఆగాలి, బంతి పోతే ఏం చేద్దాం, రన్నర్ ఉన్నాడా లేడా. టాస్‌కి ముందు ఇద్దరు కెప్టెన్లని పిలిచి చదివి వినిపించి, సంతకం పెట్టించుకుంటారు. చట్టాల పుస్తకంలో కూడా టాస్‌కి ముందే ఇలాంటి ప్రత్యేక షరతులు కెప్టెన్లతో మాట్లాడుకోమనే ఉంది. చాలామంది పట్టించుకోరు. "సంతకం పెట్టినంక లొల్లి తక్కువైంది తమ్ముడూ" అన్నారు. ఆ కాగితం ఫొటో తీసుకోనిచ్చారు. దాన్ని నీట్‌గా టైప్ చేసి కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. డౌన్‌లోడ్ చేసుకోండి, ఫ్రీనే.

మీరు ఈ ఆదివారం ఎక్కడన్నా ఆడుతుంటే, అంపైర్ కాగితం తేకపోతే మీరే తీసుకెళ్లండి. టాస్‌కి ముందు రెండు నిమిషాలు అడగండి. "సార్, ఈరోజు ఏ రూల్స్?" అని. మ్యాచ్ అయ్యాక పార్కింగ్‌లో అడిగే ప్రశ్న కాదు అది.

మీ ఏరియాలో అంపైరింగ్ చేసే అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. వాళ్లకి రూల్ మార్పులు ఎలా తెలుస్తున్నాయో కామెంట్‌లో రాయమనండి, పేరు పెట్టక్కర్లేదు. ఎక్కువ మంది రాస్తే వాటన్నిటితో ఇంకో ఎపిసోడ్ చేద్దాం. అప్పటిదాకా ఉంటా మరి, బై.